పులివెందుల సభలో పట్టిన నిద్ర

సుంకిరెడ్డి పులివెందుల సభలో నిద్రపోయాడు. వేదిక మీద నిద్రపోయే నాయకులు మన దగ్గర కొత్త కాదు. కానీ ఆయన నిద్రపోయింది కంబగిరి రెడ్డి భుజం మీద.

జమ్మలమడుగు చుట్టుపక్కల ఆ రెండు పేర్లనూ ఒకే ఊపిరిలో పలకాలంటే జనం ముందు అటూ ఇటూ చూసుకునేవాళ్లు. రెండిళ్ల మధ్యా పగ తండ్రుల నాటిది. ఎన్నికలు దగ్గరపడేసరికి పార్టీ పెద్దలు ఇద్దరినీ ఒకే జెండా కిందికి తెచ్చారు. పులివెందులలో సభ పెట్టి పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టారు. ఇద్దరూ చెరోవైపు మొహం తిప్పుకుని, దండలు వేయించుకుని, ఎవరి బండ్లలో వాళ్లు వెళ్లిపోతారని అందరూ అనుకున్నారు. మూడో ఉపన్యాసం నడుస్తుండగా సుంకిరెడ్డి తల మెల్లగా పక్కకు వాలింది. కంబగిరి రెడ్డి బిగుసుకుపోయి కూర్చున్నాడు. లేపితే ఏమవుతుందో, లేపకపోతే ఏమవుతుందో ఆయనకూ తెలిసినట్టు లేదు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. సుంకిరెడ్డి నోరు కొంచెం తెరుచుకుని, మొహం ఎంతో ప్రశాంతంగా ఉంది.

ఆ ఫొటోను నాకు చూపించి మా ఆయన సామ్యూల్ పొద్దున్నే కాఫీ పొలమారేలా నవ్వారు. నేనూ నవ్వాను. అంతలో మాబున్నక్క గేటు తీసుకుని లోపలికి వచ్చింది. ఆమె మొహం చూశాక పేపరు మడిచి పక్కన పెట్టేశాను.

మాబున్నక్కది జమ్మలమడుగులో మా పుట్టింటి పక్కిల్లు. బస్టాండు ఎదురుగా టీ అంగడి పెట్టుకుని బతుకుతోంది. కువైట్ వెళ్లిన భర్త అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, "పోనీలే, ఈడ నాకు ఒక గ్లాసు కడిగే పని తగ్గింది" అంటుంది.

"లీలా, మీ సారు ఉండాడా? నా అంగడి మూపిచ్చినారు మా" అంది, చెప్పులు విప్పకుండానే.

ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. సంగతి బయటికి వచ్చింది. సుంకిరెడ్డి ఎక్కడికి బయలుదేరినా ఆమె అంగడి దగ్గర ఆగి టీ తాగి వెళతాడు. ఇంకెక్కడా ఏమీ ముట్టడు. పులివెందులకు పోయిన రోజు కూడా ఆమె టీ తప్ప ఆయన కడుపులో ఏమీ పడలేదట. అందుకని ఆయన మనుషులు ఒక మాట తేల్చేశారు. కంబగిరి రెడ్డి మాబున్నితో టీలో నిద్రమందు కలిపించాడు. లేకపోతే అన్న ఆ భుజం మీద నిద్రపోవడమా?

"ఆయనే అన్నాడా ఆ మాట?" అని అడిగాను.

"ఆయన ఏమీ అనల్య. ఓబులేసు అన్నాడు. ఆయన కాదనల్య. అదే నాకు మంట."

ఓబులేసు సుంకిరెడ్డికి కుడిభుజం. రేపు సాయంత్రం అంగడి ముందే పంచాయతీ. తప్పు లేదని తేలకపోతే పొయ్యి పగలగొట్టి, ఆమె మళ్లీ బస్టాండులో కనపడకుండా చేస్తామని చెప్పారట.

"సార్, మీ కాడ ఉచ్చలో ఏముండాదో చెప్పే మిషను ఉండాదంట గదా. ఆయప్పది కొంచెం పోసి చూడండి. నా టీలో ఏమన్నా ఉంటే నేనే నా పొయ్యి పగలగొట్టుకుంటా."

మా ఆయనకు ఆ పదం ఇష్టం లేదు. "మూత్ర నమూనా" అన్నారు దగ్గి.

"ఏదోకటి, పోసి చూడండి" అంది మాబున్నక్క.

మా ఆయన ప్రొద్దుటూరు బయట ఫార్మసీ కాలేజీలో లెక్చరర్. ఆ మిషను గురించి మా ఇంట్లో చాలా ఏళ్లుగా అన్నంతో పాటు వడ్డించుకుంటూనే ఉన్నాం, కాబట్టి నేను కొంత చెప్పగలను. మనం మింగిన మందు ఒంట్లో తిరిగి, రక్తంలోనూ మూత్రంలోనూ ఆనవాలుగా మిగులుతుంది. కానీ అది ఇసుక కుప్పలో ఆవగింజ లాంటిది. ఉప్పులు, రంగులు, ఇంకా ఏవేవో దానితో కలిసి ఉంటాయి. వాటిని చేత్తో వేరు చేయడానికి పూటంతా పట్టేది. చెయ్యి మారితే లెక్క మారేది. అందుకని ఆ పనంతా మిషనే చేసుకునేలా ఆయన ఏర్పాటు చేశారు. ఒక ఇనుప చెయ్యి సూదితో సీసాలోంచి చుక్కలు పీల్చి, తెల్లటి పొడి నింపిన చిన్న గొట్టంలో వదులుతుంది. పొడి మందును పట్టుకుని మిగతాదాన్ని కిందికి పోనిస్తుంది. కాఫీ ఫిల్టరుకు సరిగ్గా తిరగేసిన పని అన్నమాట, మనకు కావలసింది పైనే ఉండిపోతుంది. నీళ్లతో కడిగాక, స్పిరిటు లాంటి ద్రవం పోస్తే మందు వదిలిపెట్టి దిగుతుంది. అక్కడినుంచి పంపు దాన్ని సన్నటి స్టీలు గొట్టంలోకి తోస్తుంది. ఒక్కో మందు ఒక్కో సమయానికి అవతలికి వస్తుంది. అక్కడ కొద్దిపాటి కరెంటు పెట్టిన కార్బను బిళ్ల ఉంటుంది. మందు దాన్ని తాకగానే కరెంటు మారి, పెన్ను కాగితం మీద ఒక శిఖరం గీస్తుంది. దాని పేరు ఎలక్ట్రోకెమికల్ డిటెక్టరు. ఆ ఇనుప చేతిని కదిలించేది మాత్రం కుట్టుమిషను మోటారు. నేతగాళ్ల వీధిలో మిషన్లు బాగుచేసే బాషా బిగించి ఇచ్చాడు.

మిషనును సరిచూసుకోవడానికి ఏ మందూ వాడని మనిషి నమూనా కూడా కావాలి. మా వీధి అంతా వెతికినా అలాంటి మనిషి దొరకలేదు. తల నొప్పికో, నడుం నొప్పికో, అల్లుడు వచ్చి వెళ్లిన అలసటకో అందరూ ఏదో ఒక మాత్ర వేసుకున్నవాళ్లే. చివరికి డాక్టర్ల మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న వెంకటసుబ్బమ్మ దొరికింది. నెలనెలా సీసా ఇచ్చి, "సారు మిషనుకు నావి తప్ప వేరే నీళ్లు పడవు" అని కొళాయి దగ్గర అందరికీ చెప్పుకుంటుంది.

మా ఆయన మాబున్నక్కతో, "ఇది పరిశోధన కోసం పెట్టుకున్నది. ఫ్యాక్షన్ల కోసం కాదు" అన్నారు.

"మనిషి చెయ్యి పడదు కాబట్టి దీనికి పక్షపాతం ఉండదని కిందటి వారమే కదా సెమినార్లో చెప్పారు" అన్నాను నేను, కాఫీ గ్లాసులు తీస్తూ.

 ఆయన ఒప్పుకుని ఒక షరతు పెట్టారు. ఆ రోజు ఆ టీ తాగిన వాళ్లందరూ నమూనా ఇవ్వాలి, సుంకిరెడ్డి ఒక్కడే కాదు. మాబున్నక్క లెక్క చెప్పింది. అన్నతో కలిపి ఐదుగురు. ఐదు సీసాలు వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆమె సంచిలో పెట్టి పంపాను.

మధ్యాహ్నానికి ఓబులేసు కాలేజీకి వచ్చాడు. నేను క్యారియరు తీసుకుని వెళ్లిన వేళకే అతను మిషను చుట్టూ తిరుగుతున్నాడు, దొంగలు దూరే సందు ఉందేమోనని ఇల్లు చూసుకునే మనిషిలా.

"సార్, ఈ మిషను ఏ పార్టీది?"

"కాలేజీది."

"కాలేజీ చైర్మను ఏ పార్టీ?"

"ఆయన ఈ గదిలోకి ఎప్పుడూ రాలేదు. వాసన పడదు ఆయనకు."

"దుడ్లిచ్చి మాట మార్పిచ్చొచ్చునా?"

"దానికి జేబులు లేవప్పా."

"మనిషి చెయ్యి యాడా పడదా?"

"సీసా లోపల పెట్టినాక పడదు."

ఓబులేసు మిషను మీద చెయ్యి వేసి, "అయితే నమ్మొచ్చు. మా మనుసుల్లోనే ఇట్లాటోడు ఒకడు లేడు" అన్నాడు.

మర్నాడు పొద్దున మూడు సుమోలు కాలేజీలోకి వచ్చాయి. సుమోలు అప్పుడే కొత్తగా వచ్చిన రోజులు. మూడూ తెల్లవే, మూడింటికీ నల్ల అద్దాలే. వాటిలోంచి ఐదుగురు మనుషులు తలా ఒక తువ్వాలు మూట పట్టుకుని దిగారు. మూటలు విప్పితే నా సీసాలే. ఒక్కదాని మీదా పేరు లేదు.

"ఏది సుంకిరెడ్డిగారిది?" అన్నారు మా ఆయన.

"అది చెప్పేది ల్యా సార్" అన్నాడు ఓబులేసు. "అన్న యాడికన్నా పోతే మూడు బండ్లు పోతాయి. ఏ దాంట్లో ఉండాడో ఎవురికీ తెలీదు. అట్లనే ఇదీ. యాది అన్నదో తెచ్చినోళ్లకు గూడా తెలీదు."

మాబున్నక్క కూడా వాళ్లతో వచ్చింది. "ఉచ్చను ఎవురు నరుకుతారురా?" అంది.

"నరకరు. మంత్రం చేపిస్తారు. నీకేం తెల్సు? ఇది అన్న సొంత ఆలోచన" అన్నాడు ఓబులేసు గర్వంగా.

మా ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నారు. నేను కాగితం ముక్కల మీద ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు వేసి, క్యారియర్లోని అన్నం మెతుకులతో సీసాలకు అంటించాను. ఎవరిదో తెలియకపోయినా, ఏది ఏదో కలిసిపోకూడదు కదా.

మిషను పని మొదలుపెట్టింది. ఇనుప చెయ్యి లేచి, జరిగి, మొదటి సీసాలో సూది దించింది. కిటికీ అవతల నిలబడ్డ మనుషులు బీడీలు ఆర్పేశారు. ఒకతను తువ్వాలు భుజం మీదినుంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. ఇంకొకతను నన్ను మెల్లగా, "అమ్మా, దానికి టీ ఏమన్నా చెప్పాల్నా?" అని అడిగాడు. సారుకా అంటే, కాదు, మిషనుకే.

మొదటి సీసాకు పెన్ను ఒక పెద్ద శిఖరం గీసింది. బయట కలకలం. "దొరికింది!" అన్నాడు ఓబులేసు.

"ఒళ్లు నొప్పుల మాత్ర" అన్నారు మా ఆయన.

రెండో దానికీ అదే. మూడో సీసాకు ఒళ్లు నొప్పుల శిఖరం అయ్యాక పెన్ను చాలాసేపు సాఫీగా నడిచింది. ఆ తరువాత ఒక్కసారిగా లేచి కాగితం అంచు దాటిపోయింది. మా ఆయన కుర్చీలోంచి లేచారు. నమూనాను పలచన చేసి మళ్లీ పెట్టారు. బీరువాలోంచి ఒక మందు పొడి తీసి, కరిగించి, దాన్నీ విడిగా పంపి చూశారు. రెండూ ఒకే సమయానికి వచ్చాయి. నాలుగూ ఐదూ సీసాల్లో ఆ జాడే లేదు. మొదటి రెండింటినీ ఇంకోసారి చూశారు. వాటిలోనూ లేదు.

"ఏం మందు?" అని అడిగాను చిన్నగా.

"బస్సు ప్రయాణంలో వాంతులు కాకుండా వేసుకునేది" అన్నారు ఆయన అంతకన్నా చిన్నగా. "నిద్ర ముంచుకొస్తుంది. ఇందులో చూస్తే ఒకటి కన్నా ఎక్కువే మింగినట్టుంది."

ఇద్దరం కిటికీ వైపు చూసి, మళ్లీ కాగితం వైపు చూశాం.

సాయంత్రం మమ్మల్ని సుమోలోనే జమ్మలమడుగు తీసుకెళ్లారు. నువ్వెందుకు అన్నారు మా ఆయన. అంకెలు వేసింది నేను కాబట్టి అన్నాను. మాబున్నక్క అంగడి ముందు జనం గుంపు కట్టి ఉన్నారు. పొయ్యికి అడ్డంగా బెంచీ పడేసి ఉంది. సుంకిరెడ్డి కుర్చీలో కూర్చున్నాడు. భారీ మనిషి, తెల్లటి బట్టలు, పెద్ద మీసం. ఫొటోలో ఉన్న ప్రశాంతత మాత్రం లేదు.

మా ఆయన క్లాసు చెప్పినట్టే మొదలుపెట్టారు. "ఐదుగురూ ఒకే గిన్నెలో కాచిన టీ తాగారు. ఐదు సీసాల్లో ఒక్క దాంట్లోనే నిద్ర తెప్పించే మందు ఉంది. టీలో కలిపి ఉంటే ఐదింట్లోనూ ఉండాలి. కాబట్టి టీలో కలపలేదు."

"వినపడిందా?" అంది మాబున్నక్క జనం వైపు తిరిగి.

"ఉండు మా" అన్నాడు ఓబులేసు. "గిన్నెలో కలపల్య. అన్న గ్లాసులో మాత్రమే కలిపితే?"

జనం అవునన్నట్టు తలలూపారు.  ఆ సంగతి మేం ఆలోచించలేదు.

మాబున్నక్క నడుం మీద చెయ్యి వేసుకుంది. "అన్న గ్లాసు అంటే యాదిరా? నేను పోసిచ్చిన గ్లాసు ఆయన ఎప్పుడన్నా ముట్టినాడా? మీరు నలుగురూ తాగుతాంటారు, ఆయన కడాన ఎవురిదో ఒకరిది గుంజుకుంటాడు. ఎవురిది గుంజుకుంటాడో నాకు అల్లా వచ్చి చెప్తాడా? ఆ పొద్దు ఎవురి గ్లాసు గుంజుకున్నాడో చెప్పు!"

ఓబులేసు మొహంలో రంగు మారింది. ఎవరో వెనకనుంచి, "నీదే గదా ఓబులేసన్నా" అన్నారు.

చుట్టూ ఉన్నవాళ్లు అతని నుంచి ఒక అడుగు దూరం జరిగారు.

"సగం తాగినాక గదప్పా గుంజుకునింది!" అని అరిచాడు ఓబులేసు. "మందుంటే నాకూ నిద్ర రావల్ల! నేను ఆ పొద్దు సభ అయ్యేదాకా రెప్ప ఎయ్యల్య. కావాలంటే కంబగిరి మనుసుల్ని అడుగు, వాళ్లనే చూస్తా కూసున్న్యా!"

అంటే గ్లాసులోనూ లేదని అతనే తేల్చేశాడు. మాబున్నక్క బెంచీ మీద చెయ్యి వేసింది, పక్కకు లాగడానికి.

కానీ జనం ఊరుకోరు కదా. "ఇంతకీ అదేం మందు సార్?" అని అడిగారు.

మా ఆయన నా వైపు చూశారు. నేను నేల చూపులు చూశాను. "బండి ప్రయాణం పడనివాళ్లు వాంతులు కాకుండా వేసుకునే మాత్ర" అన్నారు ఆయన.

 అందరి కళ్లూ సుంకిరెడ్డి వైపు వెళ్లాయి, వెంటనే మర్యాదగా వెనక్కి వచ్చేశాయి. ఆయన మీసం దువ్వుకున్నాడు. 

"ఆ సీసా నాది" అన్నాడు ఓబులేసు ఛాతీ ముందుకు పెట్టి. "నాకు బండి పడదు."

"అబద్ధం, అది నాది" అన్నాడు ఇంకొకతను. "నాకు శానా ఏండ్లుగా పడదు."

"నాది" అన్నాడు మూడో అతను.

అన్న కోసం జైలుకు పోయి వచ్చినవాళ్లు, ఒక సీసాకు వెనకాడతారా? మాబున్నక్క మాత్రం, "ముగ్గురూ ఒకే సీసాలో పోసినారా ఏంది, సందు లేనట్టు?" అంది.

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. అయినా లెక్క తప్పుతుంటే చూస్తూ ఊరుకోలేను. "మూడో సీసా మీలో ఎవరిదైనా అయితే, అన్న సీసాలో ఏ మందూ లేనట్టే కదా" అన్నాను. "అప్పుడు ఆయన తనంతట తనే నిద్రపోయినట్టు."

ఓబులేసు ఆలోచించాడు. ఏ మందూ లేకుండా, ఎవరూ బలవంతం చేయకుండా, కంబగిరి రెడ్డి భుజం మీద, నోరు తెరుచుకుని.

"నాది కాదు" అన్నాడు.

"నాదీ కాదు" అన్నారు మిగతా ఇద్దరూ.

ఇంక సుంకిరెడ్డికి తప్పుకునే దారి మిగల్లేదు. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నాదే" అన్నాడు.

ఆయన సుమో వైపు వేలు చూపించాడు.

"ముందర సీట్లో కూసుంటే నాకు ఏమీ కాదు. మీరు కూసోనిస్తారా? గురి పెడతారని ఎనక సీట్లో నడిమధ్యన ఇరికిస్తారు. అద్దాలు దించనియ్యరు. ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. ముద్దనూరు దాటేలోపల కడుపులో తిప్పతా ఉంటాది. ఒక మాత్ర మింగినా. సాల్లేదు. ఇంగోటి మింగినా. వేదిక ఎక్కినంక ఏం జరిగిందో నాకు తెలీదు."

"నా అంగడి పోతాంటే ఈ మాట నోట్లో పెట్టుకుని కూసున్యావా సుంకన్నా?" అంది మాబున్నక్క. ఆమె గొంతు పెద్దది కాలేదు, చిన్నదైంది. అది ఇంకా ఇబ్బందిగా ఉంది.

"ఏమని చెప్పాల మా? సుంకిరెడ్డి బండెక్కితే కక్కుతాడని చెప్పాల్నా? ఇంగ నన్ను చూసి ఎవురన్నా భయపడతారా?"

"నన్ను చూసి మాత్రం ఇంగ ఎవురన్నా టీ తాగుతారా?"

  అప్పుడు ఇంతవరకూ నోరు విప్పని సర్దార్, మమ్మల్ని తీసుకొచ్చిన సుమో డ్రైవరు, గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, నువ్వు ఒక్కడివే అనుకుంటాండావా? ఓబులేసన్న కక్కింది నేను ఎన్నిసార్లు కడిగినానో ఆ బండి తలుపునడుగు."

"చెప్పనంటివి గదరా!" అన్నాడు ఓబులేసు.

"ఇంతకుముందు నువ్వే అరిచినావు గదన్నా, నాకు బండి పడదని."

ఎవరో నవ్వారు. నవ్విందెవరో చూడటానికి అందరూ తిరిగేసరికి ఇంకొకరు నవ్వారు. సుంకిరెడ్డి మీసం కింద కూడా ఏదో కదిలింది. తువ్వాలు చంకలో పెట్టుకున్న అతను మా ఆయన దగ్గరికి వచ్చి, ఆ మాత్ర పేరేందని చెవిలో అడిగాడు. అతని వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. మా ఆయన డాక్టరును అడగమంటే, ఆ డాక్టరు కంబగిరి రెడ్డి మనిషి అన్నారు వాళ్లు.

సుంకిరెడ్డి లేచాడు. వెళ్లి, పొయ్యికి అడ్డంగా ఉన్న బెంచీని తనే లేవనెత్తి పక్కన పెట్టాడు. ఓబులేసు సాయం వస్తే వద్దన్నాడు.

"సాల్దు" అంది మాబున్నక్క. "ఈ నలుగురూ వింటే నాకేం లాభం? ఆ తాడిపత్రి బస్సు నిండా జనం ఉండారు. వాళ్లకు వినపడాల."

"మాబున్నీ..."

"వినపడాల."

సుంకిరెడ్డి బస్సు వైపు తిరిగాడు. సభల్లో మైకు కూడా అక్కర్లేని గొంతు ఆయనది. "ఈమె టీలో ఏమీ లేదు!" అన్నాడు. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. "నేను మాత్ర మింగి నిద్రపోయినా! బండి పడక మింగినా! మాబున్ని తప్పేమీ లేదు!"

బస్సు కిటికీలోంచి ఒక ముసలామె, "నాకూ పడదు నాయనా! అంత సేపు నిద్ర పడతాదా ఆ మాత్రకు?" అని అడిగింది. కండక్టరు ఈలలు వేస్తున్నా వినకుండా ఏడెనిమిది మంది దిగి అంగడి వైపు వచ్చారు. ఫొటోలో మనిషిని దగ్గరనుంచి చూడటానికో, టీకో, నేను చెప్పలేను. మాబున్నక్క మాత్రం అప్పటికే పొయ్యి ముట్టించి, పాలగిన్నె పైకెక్కించింది.

సుంకిరెడ్డి సుమో ముందు తలుపు తెరిచాడు. ఓబులేసు అడ్డం వచ్చి, "అన్నా, ముందరనా? వాళ్లు..." అన్నాడు.

"కాలిస్తే కాల్చనీరా" అన్నాడు సుంకిరెడ్డి. "కక్కుకుంటా పోయేదానికన్నా అదే నయం."

ఆయన ఎక్కబోతుంటే మాబున్నక్క గ్లాసులు సర్దుతూనే అరిచింది. "సుంకన్నా, ఖాళీ కడుపుతో బండెక్కొద్దు! రెండు బిస్కెట్లు తిని పో. కిటికీ దించుకో."